నా పొలం కింద అణు ఖనిజం ఉంటే అది నాదేనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో సముద్రం వైపు ఊరు. ఎకరంన్నర జిరాయితీ (సొంత పట్టా), ఎకరం డి-పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) ఉన్నాయి. జీడి, సరుగుడు వేశాను. అణు కరెంటు పెంచుతున్నారు, కొత్తగా యురేనియం గనులు తీస్తారు, మన ఇసుకలోనూ అది ఉంది కనుక భూములు పోతాయని ఊళ్లో అంటున్నారు. ఒక మధ్యవర్తి వచ్చి, ఖనిజం కోసం ప్రైవేటు కంపెనీ కొంటుంది, అంగీకార పత్రం మీద సంతకం పెట్టమంటున్నాడు. భూమి నాదైతే కిందిదీ నాదే కదా? గ్రామసభ వద్దంటే ఆగదా?

జవాబు: ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

మీ తీరం ఇసుకలో ఉన్నది మోనజైట్. అందులో ముఖ్యంగా థోరియం ఉంటుంది, యురేనియం ఒక శాతం కూడా ఉండదు. మన రాష్ట్రంలో యురేనియం గని అంటే కడప జిల్లా తుమ్మలపల్లిదే. అయితే చట్టం దృష్టిలో రెండూ ఒకే జాబితాలోవి: 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం మొదటి షెడ్యూలు ‘బి’ భాగం. 2023లో లిథియంతో సహా ఆరు ఖనిజాలను అందులోంచి తీసి ప్రైవేటుకు దారి తెరిచారు. యురేనియం, మోనజైట్‌ల జోలికి పోలేదు. పైగా 2019 సవరణ తర్వాత తీరపు ఇసుకలో మోనజైట్ ఏ కాస్త ఉన్నా లీజు ప్రభుత్వ సంస్థలకే. ఇక ప్రైవేటు కంపెనీ ఖనిజం కోసం కొంటుందన్న మాటను ఎలా నమ్మాలి? రేపు వచ్చే పరిహారం మీద కన్నేసి ఇవాళే చవగ్గా కొనేవాళ్లు ఉంటారు. నా అనుమానం అదే.

కిందిది మీదేనా అంటే, మీ ఊరి చరిత్ర చూడాలి. 2013లో కేరళలోని మలబారు జన్మి (సంప్రదాయ భూస్వామి) భూముల కేసులో సుప్రీంకోర్టు, నేల ఎవరిదో అడుగున ఖనిజమూ వారిదే అంది. ఆ తీర్పు చూపించి ధైర్యం చెప్పేవాళ్లు మీకూ తగులుతారు. కానీ మన జిల్లాల్లో చాలా ఊళ్లు జమీందారీలవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం మూడో సెక్షన్‌లో గనులు, ఖనిజాలు కూడా ప్రభుత్వానికి దఖలుపడతాయని స్పష్టంగా రాసి ఉంది. మీది ఎస్టేటు గ్రామమైతే ఆ వాదన నిలవడం కష్టం. కాకపోయినా, లీజు లేకుండా తవ్వుకునే హక్కు మీకు రాదు.

మీ చేతిలో ఉన్నది పైనేల. దాని బలం చిన్నదేమీ కాదు.

గ్రామసభ సంగతి: ముందస్తు సమ్మతి తప్పనిసరి అన్నది షెడ్యూల్డ్ ప్రాంతాలకే, అంటే సీతంపేట లాంటి ఏజెన్సీ వైపు. మీకు వర్తించదు. పర్యావరణ అనుమతికి ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ నుంచి కూడా అణు ఖనిజాల గనులకు 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ మినహాయింపు ఇచ్చింది. ఊరివాళ్లు నోరు విప్పగలిగే ఆ ఒక్క రోజునూ తీసేయడం నాకు సరిగా అనిపించలేదు. అలాగని చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. 2013 భూసేకరణ చట్టం కింద 11వ సెక్షన్ నోటిఫికేషన్ వస్తే, 60 రోజుల్లోగా కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. రసీదు మర్చిపోవద్దు. సర్వేకు వచ్చి చెట్లు పాడుచేస్తే 13వ సెక్షన్ ప్రకారం నష్టం చెల్లించాలి. జీడి చెట్లను ఇప్పుడే లెక్కపెట్టి ఫొటోలు తీసి ఉంచుకోండి.

డి-పట్టా ఎకరం 22ఏ నిషేధిత భూముల జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే రిజిస్ట్రేషన్ కాదు. ప్రభుత్వమే తీసుకుంటే మాత్రం, అసైన్డు రైతుకూ పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే మన హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది.

ధర లెక్కలో గత మూడేళ్ల అమ్మకపు దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం వాటినే లెక్కలోకి తీసుకుని సగటు కడతారు, ఒక పద్ధతిలో. స్టాంపు ఖర్చు మిగులుతుందని ఊరంతా తక్కువ చూపించి రాయించుకుంటే ఆ దెబ్బ మీ పరిహారం మీద పడుతుంది. దీని మీద సొలేషియం (బలవంతపు సేకరణకు ఇచ్చే అదనపు సొమ్ము) నూరు శాతం. డబ్బు తీసుకునేటప్పుడు ‘అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను’ అని రాయండి. ఆ మాట రాయకుండా తీసుకుంటే, పరిహారం పెంచమని 64వ సెక్షన్ కింద అడిగే దారి మూసుకుపోతుంది. అవార్డు (పరిహారం ఖరారు చేసే కలెక్టరు ఉత్తర్వు) ప్రకటించినప్పుడు మీరు అక్కడే ఉంటే అందుకు గడువు ఆరు వారాలే.