నాన్నకు 42కే గుండెపోటు... మరి నాకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నాన్నకు 42 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. నాకు 28. సన్నగానే ఉంటాను, సిగరెట్ తాగను. పరీక్షలు అవసరమా?

జవాబు: అవసరమే. తండ్రికి 55 లోపు, తల్లికి 65 లోపు గుండెజబ్బు వస్తే పిల్లలకూ ముప్పు ఎక్కువ. సన్నగా ఉన్నానన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ముందు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించండి. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) డెసిలీటరుకు 190 మిల్లీగ్రాములు దాటితే పుట్టుకతో వచ్చే అధిక కొలెస్ట్రాల్‌ను అనుమానించాలి. కొందరిలో మడమ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) లావెక్కుతుంది కూడా. తల్లిదండ్రుల్లో ఒకరికి ఇది ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. జొన్నరొట్టె, నడక మంచివే. దీనికి మాత్రం చాలవు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు సాధారణంగా తప్పవు. నాన్నగారు మాత్రలు మొదలుపెట్టక ముందటి రిపోర్టు దొరికితే డాక్టరుకు చూపండి.

లైపోప్రొటీన్-ఏ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొలెస్ట్రాల్ కణం) మామూలు లిపిడ్ పరీక్షలో రాదు, విడిగా రాయించుకోవాలి. సాధారణంగా జీవితంలో ఒక్కసారి చాలు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పే. తోబుట్టువులకూ చేయించండి.