డాక్టర్ సలహా: సెలవు కోసం జబ్బు పేరు ఆఫీసులో చెప్పాలా?

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డిప్రెషన్‌కు ఆరు నెలలుగా సెర్ట్రాలిన్ వాడుతున్నాను. పది రోజులు సెలవు పెడితే, డాక్టర్ రాసిన ప్రిస్క్రిప్షన్లన్నీ పంపమని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. విషయం టీమ్‌లో తెలిసిపోతుందన్న భయంతో మాత్రలు ఆపేద్దామనుకుంటున్నాను. ఏం చేయాలి?

జవాబు: దయచేసి మాత్రలు ఆపకండి. సెర్ట్రాలిన్‌ను ఒక్కసారిగా మానేస్తే కొద్ది రోజుల్లోనే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం వంటి ఇబ్బందులు మొదలుకావచ్చు. నెమ్మదించిన డిప్రెషన్ తిరగబెట్టే ప్రమాదమూ ఉంది. మానవలసిన సమయం వచ్చినప్పుడు మీ సైకియాట్రిస్టే మోతాదును క్రమంగా తగ్గిస్తారు.

అనారోగ్య సెలవుకు సంస్థ సర్టిఫికెట్ అడగడంలో తప్పు లేదు. అయితే మీరు ఎన్ని రోజులు పనికి దూరంగా ఉండాలి, ఎప్పుడు తిరిగి చేరవచ్చు అన్నవి తెలిస్తే వారికి సరిపోతుంది. ప్రిస్క్రిప్షన్ అలాంటిది కాదు. అందులో మందు పేరు చూసిన ఎవరైనా జబ్బేమిటో నిమిషంలో ఊహించగలరు.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు మీకు ఇచ్చింది. ప్రాణాపాయం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఆఫీసు నుంచి ఎవరు ఫోన్ చేసినా మీ అనుమతి లేకుండా మీ వైద్యులు ఏమీ చెప్పకూడదు. కానీ ఆ సెక్షన్ కట్టడి చేసేది వైద్యం అందించేవారిని; ప్రిస్క్రిప్షన్‌ను మీరే మెయిల్ చేశాక అది ఎవరెవరి కంట పడుతుందో మీ వైద్యుల చేతిలో ఉండదు. అందుకే పంపే ముందే ఆగమంటున్నాను.

‘చికిత్సలో ఉన్నారు, ఫలానా తేదీల మధ్య విశ్రాంతి అవసరం’ అని మాత్రమే రాయమని మీ డాక్టర్‌ను ముందుగానే కోరండి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోని సెలవు సర్టిఫికెట్ నమూనాలో జబ్బు పేరుకు ఖాళీ ఉంటుంది కనుక అలవాటుగా నింపేసే అవకాశం ఉంది. ‘వైరల్ జ్వరం అని రాయండి’ అని నన్ను అడిగేవారి భయం నాకు అర్థమవుతుంది, కానీ అబద్ధపు సర్టిఫికెట్ రేపు బయటపడితే నష్టపోయేది పేషెంటే.

హెచ్‌ఆర్ పట్టుబడితే, ప్రిస్క్రిప్షన్లు ఏ నిబంధన ప్రకారం కావాలో, వాటిని ఎవరు చూస్తారో రాతపూర్వకంగా అడగండి. వారికి సందేహముంటే సంస్థ వైద్యుడికి మాత్రమే చూపిస్తాననండి. రాత్రి షిఫ్టు వల్ల నిద్ర చెడుతుంటే మాత్రం ఊరుకోకండి. ‘వైద్య కారణాల వల్ల పగటి షిఫ్టు అవసరం’ అని రాయించుకోవచ్చు, అందుకు కూడా జబ్బు పేరు అక్కరలేదు.