షార్త్ర కేథడ్రల్‌కు వెళ్ళబోయే అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పారిస్‌లో ఉండబోయే వారంలో ఒక పూట షార్త్ర ఊళ్ళోని కేథడ్రల్‌కు, అంటే అక్కడి పెద్ద చర్చికి, పెట్టుకున్నామనీ, ఆ పూటను ఎలా గడిపితే బాగుంటుందో రాయమనీ అడిగావు. అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఒక్కటి: పూట చాలదు, రోజంతా పెట్టుకోండి. ఆ చర్చిలో ముఖ్యంగా చూడవలసినవి రంగు గాజు కిటికీలు. వాటిని వెలిగించేది సూర్యుడు. ఆయన తూర్పు నుంచి పడమటికి నడిచే కొద్దీ ఒక్కో గోడకు ఒక్కో వేళ వంతు వస్తుంది. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికల్లా తిరిగి రైలెక్కేవాళ్ళు పడమటి కిటికీలను వెలుగు లేకుండానే చూసి వచ్చేస్తారు. కాబట్టి మీ ప్రయాణం గడియారాన్ని బట్టి కాక ఎండను బట్టి వేసుకోవాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయే మిగతా సంగతులన్నీ దాదాపు ఆ ఒక్క మాటనుంచి పుట్టేవే.

వెళ్ళేముందు ఆ కట్టడం కథ పిల్లలకు నాలుగు ముక్కల్లో చెప్పు. 1194లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి అంతకుముందున్న చర్చి చాలావరకు కాలిపోయింది. పడమటి ముఖభాగం, నేలమాళిగ మాత్రం నిలిచాయి. మరియమాత ధరించిందని భక్తులు నమ్మే వస్త్రం కూడా మంటల్లో పోయిందనే అందరూ అనుకున్నారు. అది నేలమాళిగలో భద్రంగా బయటపడేసరికి ఊరివాళ్ళకు ప్రాణం లేచివచ్చినట్టయింది. వెంటనే కొత్త కట్టడానికి పూనుకుని 1220 నాటికి ప్రధాన నిర్మాణం ముగించారు, 1260లో రాజు తొమ్మిదవ లూయీ సమక్షంలో ప్రతిష్ఠ జరిపించారు. ఆ కాలపు కేథడ్రళ్ళు తరాల తరబడి సాగినవి. ఇది పాతికేళ్ళ చిల్లరలో లేవడం వల్లనే లోపలంతా ఒకే చేతి పనిలా కనిపిస్తుంది. ఇంకో విశేషం, 13వ శతాబ్దపు గాజు ఇంత మొత్తంలో నిలిచి ఉన్న చోట్లు ప్రపంచంలో బహు అరుదు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆ కిటికీలను విప్పి దాచి, మళ్ళీ బిగించారు. ఆ శ్రమ తెలిసి చూస్తే చూపే వేరుగా ఉంటుంది.

ఇక తేదీ. శుక్రవారం కుదిరితే శుక్రవారమే పెట్టుకోండి. చర్చి లోపలి నేల మీద రాతితో పరిచిన గుండ్రటి చిక్కుదారి ఒకటి ఉంది, సుమారు 13 మీటర్ల అడ్డుకొలతతో; మామూలు రోజుల్లో దాని మీద కుర్చీలు వేసి ఉంటాయి. తపస్సు కాలం (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు) నుంచి అక్టోబరు ఆఖరు దాకా శుక్రవారాల్లో సాధారణంగా ఆ కుర్చీలు తీసేసి నడవనిస్తారు. అందులో దారి తప్పడమనేది ఉండదు, ఒకటే బాట, మెలికలు తిరిగి తిరిగి మధ్యకు చేరుతుంది. దాని పొడవు 260 మీటర్ల పైచిలుకు. పిల్లలు పరుగెత్తకుండా చూసుకో, అక్కడ ప్రార్థన చేస్తూ నడిచేవాళ్ళు ఉంటారు. ఆదివారం ఉదయం మాత్రం వద్దు. పూజ జరుగుతున్నంతసేపు తిరిగి చూడనివ్వరు, చూడాలనుకోవడం మర్యాద కూడా కాదు. పెంతెకోస్తు పండుగ (ఈస్టర్ తరువాత ఏడు వారాలకు వచ్చేది) మరునాటి సోమవారం, ఆగస్టు 15 కూడా తప్పించండి. మొదటిదానికి పారిస్ నుంచి కాలినడకన యాత్రికులు వేలల్లో వస్తారు. రెండోది మరియమాత పండుగ. ఆ జనాన్ని చూడడమే మీ ఉద్దేశమైతే అది వేరే సంగతి. పూజల వేళలు, ప్రత్యేక కార్యక్రమాలు కేథడ్రల్ వెబ్‌సైట్‌లో పెడతారు కాబట్టి ముందురోజు రాత్రి ఒకసారి చూసుకోవడం మరవకు.

పారిస్‌లో మోంపర్నాస్ స్టేషన్ నుంచి ప్రాంతీయ రైళ్ళు ఉంటాయి. దూరం 90 కిలోమీటర్ల లోపే, గంట పైన కొద్దిగా పడుతుంది. పొలాలు మొదలయ్యాక కిటికీ పక్కన కూర్చోండి. ఆ ప్రాంతమంతా చదునైన గోధుమ నేల కావడంతో రెండు శిఖరాలు ఊరికంటే చాలా ముందే కనిపిస్తాయి. ఆ రెండూ ఒకేలా ఉండవని పిల్లలే కనిపెడతారు. సాదాగా ఉన్న దక్షిణపు శిఖరం 12వ శతాబ్దంది; నగిషీలతో ఇంకాస్త ఎత్తుగా ఉన్న ఉత్తరపు శిఖరాన్ని 16వ శతాబ్దం మొదట్లో జెహాన్ ద బోస్ అనే శిల్పి కట్టాడు. పైకప్పు ఆకుపచ్చగా ఎందుకుందని అడుగుతారేమో. 1836లో పాత కొయ్య దూలాలు కాలిపోతే ఇనుప చట్రం వేసి రాగి రేకు కప్పారు, ఆ రాగి చిలుము పట్టి ఆ రంగుకు వచ్చింది. స్టేషన్ నుంచి చర్చికి నడక పది నిమిషాలే.

పొద్దున చేరగానే బయటి శిల్పాల దగ్గర ఆగిపోకండి. పడమటి ద్వారం అప్పటికి నీడలో ఉంటుంది. తిన్నగా లోపలికి వెళ్ళి, వెనక వరుసలో కూర్చుని, పది నిమిషాలు ఏమీ చూడకుండా ఉండండి. బయటి వెలుతురుకు అలవాటుపడిన కళ్ళకు మొదట కిటికీలు మసకగానే అనిపిస్తాయి. కళ్ళు కుదుటపడ్డాక నీలం తనంతట తానే పైకి వస్తుంది. అప్పుడు లేచి తూర్పు చివర, ప్రధాన పీఠం వెనక అర్ధచంద్రాకారంగా తిరిగే నడవలోకి వెళ్ళండి. ఉదయపు ఎండ పడేది అక్కడే. పీఠం చుట్టూ ఉన్న రాతి అడ్డుగోడ మీద మరియమాత, యేసుల జీవితం 40 ఘట్టాలుగా చెక్కి ఉంటుంది. అన్నీ చూడాలని పట్టుపట్టకు, నాలుగైదు చాలు. ఉత్తరపు గోడ కిటికీలకు పగలు చాలాసేపు ఎండ సూటిగా పడదు గనుక వాటి కోసం ప్రత్యేకంగా వేళ చూసుకోనక్కరలేదు.

మధ్యాహ్నం భోజనానికి బయటికి వచ్చినప్పుడు, చర్చికి పక్కనే ఉన్న గాజుచిత్రకళా కేంద్రంలో ఒక అరగంట గడపండి. చర్చిలో కిటికీలు ఎత్తున ఉంటాయి. ఇక్కడ గాజు కళ్ళ ఎదురుగా ఉంటుంది, ముక్కకూ ముక్కకూ మధ్య సీసపు పట్టీ ఎలా బిగించారో తెలుస్తుంది. ఆ తరువాత మళ్ళీ చర్చిలోకి వెళితే మీరు చూసే తీరే మారుతుంది.

రెండోసారి లోపలికి వెళ్ళినప్పుడు దక్షిణపు వైపు. ప్రధాన నడవను అడ్డంగా కోసే అడ్డ నడవ దాటగానే, బాలయేసును ఒడిలో పెట్టుకుని కిరీటంతో కూర్చున్న మరియమాత కిటికీ వస్తుంది. దాని నడిమి భాగం 1194 నాటి మంటలకు ముందుది. ఎర్రటి నేపథ్యం మీద లేత నీలం వస్త్రం. ఈ నీలాన్ని ఎంత మంచి కెమెరా అయినా పట్టుకోలేదని నా నమ్మకం, కాబట్టి ఫోటోల కోసం ఎక్కువసేపు తంటాలు పడకండి. ఫ్లాష్ ఎలాగూ వాడకూడదు.

అక్కడున్న కిటికీలు 170 పైమాటే. అన్నీ చూడాలనుకుంటే ఒక్కటీ చూడలేరు. మీరంతా కలిసి ఒక్క కిటికీని మొదలంటా చదవండి. నన్నడిగితే ప్రధాన నడవ దక్షిణపు గోడలో ఉన్న, యేసు చెప్పిన మంచి సమరయుని (సమరయ దేశపు మనిషి) కథ కిటికీ తీసుకోమంటాను. కింది నుంచి పైకి చదవాలి. అడుగున చెప్పులు కుట్టేవాళ్ళు తమ పనిలో ఉంటారు; ఆ కిటికీ వాళ్ళ కానుక అని అనుకుంటారు. వాళ్ళ పైన, యెరూషలేము నుంచి బయల్దేరిన బాటసారి, అతన్ని కొట్టి బట్టలు ఊడదీసే దొంగలు, చూసీ చూడనట్టు పోయే యాజకుడు, లేవీయుడు (గుడి సేవకుడు), గాయాలకు కట్టు కట్టి పూటకూళ్ళ ఇంటికి చేర్చే సమరయుడు వరసగా వస్తారు. కథ అక్కడితో అయిపోవాలి, కాని కిటికీ సగమే అయింది. పైసగంలో ఆదాము హవ్వల సృష్టి, వాళ్ళు పండు తినడం, తోటలోంచి గెంటివేయబడడం ఉంటాయి. ఈ రెంటినీ ఒకచోట ఎందుకు పెట్టారో పిల్లలను ఆలోచించనివ్వు. దెబ్బతిని దారిలో పడిపోయిన ఆ మనిషే ఆదాము సంతతి అనీ, ఆదుకున్నవాడు క్రీస్తు అనీ అప్పటి పండితులు చెప్పేవారు. చదవడం రాని చెప్పులవాడు కూడా తల ఎత్తి ఆ సంగతి గ్రహించగలిగేవాడంటే ఆ పనితనం ఎంతటిదో చూడు.

దీనికోసం బైనాక్యులర్స్ తప్పక కావాలి. నువ్వు పెట్టె సర్దేటప్పుడు బరువని తీసేసే మొదటి వస్తువు అదేనని నాకు తెలుసు; దాని బదులు ఇంకేదైనా తీసేయి. లోపల రాతి చలి ఉంటుంది, ఎండాకాలంలో కూడా ఒక్కొక్కరికి ఒక స్వెటర్ ఉండాలి. పెద్ద పెట్టెలతో వెళ్ళకండి.

పడమటి ఎండ వాలాక బయటికి వచ్చి పడమటి ద్వారాన్ని, అంటే రాజద్వారాన్ని చూడండి. వేసవిలో పొద్దు చాలా ఆలస్యంగా కుంకుతుంది కాబట్టి సాయంత్రం ఐదు, ఆరు దాకా ఆగాలి. చలికాలంలో మూడింటికే తొందరపడాలి. సన్నగా, స్తంభాల్లా పొడుగ్గా నిలబడ్డ రాజులూ రాణులూ అందరి కంటా పడతారు. మీరు కుడి తలుపు పైకమానులో వెతకండి. అక్కడ వ్యాకరణశాస్త్రం ఒక స్త్రీ రూపంలో, చేత బెత్తంతో, కాళ్ళ దగ్గర ఇద్దరు శిష్యులతో కూర్చుని ఉంటుంది. ఆ ఇద్దరిలో ఒకడు పక్కవాడి జుట్టు లాగుతుంటాడు. మన చిన్నవాడికి తప్పక చూపించు. అది చూశాక మళ్ళీ లోపలికి వెళ్ళి, ఆ ద్వారం పైన ఉన్న మూడు పొడుగు కిటికీలను చూడండి. అవి 12వ శతాబ్దం నడిమివి, మంటలను తట్టుకుని నిలిచినవి. ఈ మూడోసారి చూడడం కోసమే మిమ్మల్ని రోజంతా ఉండమన్నాను.

మీ అత్తగారి మోకాళ్ళ సంగతి రాశావు. చర్చి లోపల నడక ఆవిడకు కష్టం కాదు, ఎక్కడ పడితే అక్కడ కూర్చోవచ్చు. బురుజు ఎక్కడం మాత్రం ఆవిడకు వద్దు. అవి ఇరుకైన మెలికల మెట్లు. దానికి టికెట్టు వేరుగా కొనాలి, చర్చి ప్రవేశానికి రుసుము లేదు. నేలమాళిగలోకి గైడు వెంట మాత్రమే పంపుతారు, ఆ వేళలు ముందుగా కనుక్కోండి. సమయం తక్కువైతే బురుజు, నేలమాళిగ రెండూ వదులుకోండి గాని సాయంత్రపు కిటికీలను వదులుకోకండి. పాదరక్షలు విప్పే పని లేదు. మగవాళ్ళు టోపీ తీయాలి, ఫోన్లు మూగబోవాలి, మాట గుసగుసను దాటకూడదు.

గోడలు ఇంత తెల్లగా ఉన్నాయేమిటని అల్లుడుగారు అడగవచ్చు. 2008 తరువాత మసిని శుభ్రం చేసి పాత లేత రంగును బయటికి తెచ్చారు. ఆ పాత చీకటిలోనే గాజు బాగా మెరిసేదని బాధపడ్డవాళ్ళున్నారు. నాకు మాత్రం కట్టినవాళ్ళు చూసిన గోడలు ఇవే కదా అని సంతోషమే కలిగింది. ఆయనతో ఈ విషయం మాట్లాడాలని ఉంది, ఏమనిపించిందో ఉత్తరం రాయమను.

వసంతం నుంచి రాత్రిళ్ళు ఊరి కట్టడాల మీద దీపకాంతుల ప్రదర్శన జరుగుతుంది, చూడడానికి డబ్బు కట్టనక్కరలేదు. అది చూడదలిస్తే ఆ రాత్రికి అక్కడే గది తీసుకోండి, ఎందుకంటే వేసవిలో చీకటి పడేసరికి పారిస్ వెళ్ళే ఆఖరు రైలుకు టైము దగ్గరపడుతుంది. పొద్దున దిగగానే తిరుగు రైళ్ళ వేళలు స్టేషన్‌లోనే రాసిపెట్టుకోండి.

ఆశీస్సులతో,
పెదనాన్న