చేమంతి టీని మరిగించకు, నాననివ్వు

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పొద్దస్తమానం కంప్యూటర్ చూసి కళ్లు మండుతున్నాయనీ, చైనావాళ్ల చేమంతి టీ ఎలా చెయ్యాలో చెప్పమనీ అడిగావు. చెయ్యడం తేలికే, మంచి పువ్వు సంపాదించడమే అసలు పని.

పూజకు అమ్మే చేమంతులను ఎండబెట్టి వాడొద్దు. వాటికి కొట్టే మందులు తినే పంటకని చూసి కొట్టినవి కావు. టీ కోసమే పెంచిన ఎండు పూలు కొను. చెజియాంగ్ రాష్ట్రంలో తోంగ్‌షియాంగ్ తెల్ల చేమంతికి, ఆన్‌హుయ్‌లో హువాంగ్‌షాన్ చేమంతికి మంచి పేరుంది. రేకులు మీగడ రంగులో, నడుమ పసుపుగా ఉండాలి. మరీ తెల్లగా మెరుస్తూ, పుల్లటి ఘాటు ముక్కుకు కొడుతుంటే గంధకం పొగ పట్టించారేమోనని అనుమానించాలి. ఎంత చవకైనా అది వద్దు. ఈ టీలో కలిపే గోజీ పండ్లు (చిన్న ఎర్రటి ఎండు పండ్లు) చైనాలోని నింగ్‌షియా ప్రాంతానివి తీసుకో. తడి చేత్తో నలిపితే ఎర్ర రంగు అంటేవి మానెయ్.

ఇద్దరికి అర లీటరు నీళ్లు, 8–10 పువ్వులు (సుమారు 3 గ్రాములు), ఒక పెద్ద చెంచా గోజీ, 15 గ్రాముల పటికబెల్లం చాలు. పువ్వుల్నీ గోజీనీ చన్నీళ్లలో ఒక్కసారి జాడించి వంపెయ్, దుమ్ము పోతుంది. గాజు లేదా పింగాణీ కూజాలో వెయ్యి. నీళ్లు తెర్లాక పొయ్యి కట్టేసి, ఒక నిమిషం ఆగి వాటిని కూజాలో పోసి, మూత పెట్టు. మూత మరిచిపోతే వాసనంతా ఆవిరితో పోతుంది. అయిదారు నిమిషాలకు లేత బంగారు రంగు వస్తుంది. అప్పుడు పటికబెల్లం కలుపు. తేనె ఇష్టమైతే గోరువెచ్చగా అయ్యాక వేసుకో.

మన టీలా పొయ్యి మీద మరిగించావా, పువ్వు కింది పచ్చ తొడిమల చేదు దిగుతుంది, గోజీ చితికి పులుపెక్కుతుంది. చాలామందికి చెడేది ఇక్కడే. చిక్కదనం కావాలంటే ఇంకో రెండు పువ్వులు వెయ్యి, మంట మాత్రం పెట్టకు. అవే పువ్వులకు రెండోసారి నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచొచ్చు. మూడోసారికి సారం ఉండదు.

టీని కప్పులో వదిలేస్తే గాలి తగిలి ఆకుపచ్చగా మారుతుంది. ఉప్పు బోరు నీళ్లలో ఇంకా త్వరగా మారుతుంది. అందుకే మంచినీళ్లే వాడు, ఏ పూటది ఆ పూట తాగు.

చైనా వైద్యంలోనూ ఇది చలవ చేసేదే. కడుపు చల్లబడి విరేచనాలయ్యే వాళ్లకు రెండు ఎండు చైనా రేగుపండ్లు గింజ తీసి కలుపుతారు. చేమంతి జాతి పూలు పడనివాళ్లు తాగకూడదు. ఇంట్లో ఎవరైనా రక్తం పలచబడే వార్ఫరిన్ వేసుకుంటుంటే గోజీ అస్సలు ఇవ్వకు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. కడుపుతో ఉన్నవాళ్లు డాక్టరును అడిగే తాగాలి. ఇది కళ్లకు మందు కాదు. మంట తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు.

వాడగా మిగిలిన ఎండు పువ్వులకు పురుగు ఇట్టే పడుతుంది. గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు.

ఇట్లు,
పెద్దమ్మ