అల్లుడూ, ఎస్‌ఎస్‌డీకి డబ్బులు తియ్యకముందు బోర్డు చూడు

విజయనగరం

అల్లుడూ,

కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు పెట్టే, చిప్పులతో నడిచే వేగమైన డిస్కు) కొంటానంటూ "స్లాట్‌లో పట్టేస్తాది కదా మావయ్యా, ఇంకేటి?" అన్నావు ఫోన్లో. పట్టడం వేరు, దాన్నుంచి విండోస్ లేవడం వేరు. రాజాం నుంచి విశాఖ దాకా వెళ్లి కొనుక్కొచ్చాక అది లేవకపోతే, సీలు తీసిన సరుకు వెనక్కి ఇవ్వడం కష్టం.

ముందు బోర్డు (కంప్యూటర్ లోపల అన్నీ కలిసే మదర్‌బోర్డు) మోడల్ కావాలి. ప్రాసెసర్ పేరొక్కటే చాలదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) అని కొట్టు. బేస్‌బోర్డ్ ప్రోడక్ట్ అన్న వరుసలో మోడల్, బయోస్ (కంప్యూటర్‌ని లేపే మొదటి ప్రోగ్రాం) మోడ్ అన్న వరుసలో లెగసీయో (పాత పద్ధతి) యూఈఎఫ్‌ఐయో (కొత్త పద్ధతి) కనబడతాయి. రెండూ ఫోటో తీసుకో. ఆ మోడల్ మాన్యువల్ తయారీ కంపెనీ సైట్ నుంచే దించుకుని స్టోరేజ్ పేజీ చదువు. మోడల్ చివర ఒక్క అక్షరం మారినా స్లాట్లు మారిపోవచ్చు.

ఎం.2 అని కనబడగానే సంబరపడకు. అది సన్నని పుల్లలాంటి ఎస్‌ఎస్‌డీ (స్టిక్), అది పట్టే స్లాట్ ఆకారం పేరే. లోపల నడిచేది సాటా (పాత, నెమ్మది దారి) కావచ్చు, పీసీఐఈ (కొత్త, వేగమైన దారి) కావచ్చు, రెండూ కావచ్చు. సాటా అయితే సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. పీసీఐఈ 3.0 ఎక్స్4 (మూడో తరం, నాలుగు లేన్లు) అయితే 3,500 దాకా, 4.0 అయితే 7,000 దాకా వెళ్తుంది. సాటా ఒక్కటే వచ్చే స్లాట్‌లో ఎన్‌వీఎంఈ (పీసీఐఈ మీద నడిచే) స్టిక్ పెడితే అసలు కనబడనే కనబడదు. స్టిక్ అంచున ఒక గాటుంటే ఎన్‌వీఎంఈ, రెండుంటే సాటా అని షాపుల్లో చెబుతారు. చాలావరకు నిజమే గానీ, ఎక్స్2 (రెండు లేన్ల) ఎన్‌వీఎంఈలకీ రెండు గాట్లుంటాయి. లేబుల్ చదవడమే మేలు. వైఫై కార్డుకిచ్చిన పొట్టి స్లాట్ జోలికి పోకు.

ఇక్కడే చాలామంది పడే గొయ్యి ఒకటుంది. ఇంటెల్ బీ560 బోర్డుల్లో సాధారణంగా మొదటి ఎం.2 స్లాట్ నేరుగా ప్రాసెసర్‌కి కలుస్తుంది. అక్కడ 11వ తరం ప్రాసెసర్ ఉంటేనే పని చేస్తుంది. 10వ తరానిదైతే ఆ స్లాట్ చచ్చినట్టే, స్టిక్ రెండోదాన్లో పెట్టుకోవాలి. ఏఎండీ బీ550 బోర్డు మీద 5600జీ ప్రాసెసర్ ఉన్నా 4.0 వేగం రాదు, 3.0 దగ్గరే ఆగుతుంది. అలాంటప్పుడు జెన్4 (అంటే 4.0) స్టిక్‌కి ఎక్కువ డబ్బులు పెట్టడం దండగ. కొన్ని బోర్డుల్లో ఎం.2 నింపితే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి. పాత హార్డ్‌డిస్క్ మాయమైందని కంగారు పడకు, కేబుల్ పక్క పోర్టుకి మార్చు.

హెచ్61, బీ75 కాలం నాటి బోర్డయితే అడాప్టర్ కార్డు (ఎం.2 స్టిక్‌ని పీసీఐఈ స్లాట్‌లో పట్టించేది) మీద ఎన్‌వీఎంఈ స్టిక్ పెట్టొచ్చు, విండోస్‌లో డీ డ్రైవ్‌లా కనబడుతుంది కూడా. కానీ ఆ బయోస్‌లో ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఉండదు కాబట్టి దాన్నుంచి బూట్ అవదు. అలాంటి బోర్డుకి 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీయే కొను. హార్డ్‌డిస్క్ తీసేశాక వచ్చే తేడాలో పెద్ద వాటా దానితోనే వచ్చేస్తుంది.

స్టిక్ పొడవు 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. బోర్డు మీద 80 గుర్తు దగ్గర స్టాండాఫ్ (స్క్రూ బిగించే చిన్న దిమ్మ) ఉందో లేదో చూడు. బుల్లి స్క్రూ బోర్డు డబ్బాలో వస్తుంది, ఆ డబ్బా ఎప్పుడో పారేసి ఉంటావు. షాపులోనే ఎం2 (2 మిల్లీమీటర్ల) స్క్రూ, స్టాండాఫ్ అడిగి తెచ్చుకో. స్టిక్‌ని ఏటవాలుగా లోపలికి తోసి, మెల్లగా నొక్కి, స్క్రూ బిగించు. వంచి బలవంతం చెయ్యకు.

బయోస్ అప్‌డేట్ అవసరమైతే యూపీఎస్ మీదే చెయ్యి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు. తర్వాత బయోస్‌లో సీఎస్‌ఎం (పాత బూట్ పద్ధతికి వీలిచ్చే సెట్టింగ్) ఆపి యూఈఎఫ్‌ఐలో పెట్టు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ తీసెయ్, లేకపోతే బూట్ ఫైళ్లు దాని మీదకి పోవచ్చు, అలా పోతే రేపు దాన్ని తీసిన రోజున కంప్యూటర్ లేవదు. 11వ తరం, ఆపైన ఇంటెల్ అయితే సెటప్‌లో డ్రైవ్ కనబడకపోవచ్చు. స్టిక్ పాడైందనుకోకు. బయోస్‌లో వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్) ఆపు, లేదా పెన్‌డ్రైవ్ మీద ఆ డ్రైవర్ పెట్టి సెటప్‌లో లోడ్ చెయ్యి.

మోడల్ ఫోటో వాట్సాప్ చెయ్యి. మాన్యువల్ నేనూ చూస్తాను, ఆ తర్వాతే బస్సెక్కు.

మీ మావయ్య