జంజీరాని గెలిచింది రావి మొక్క

అడిగిన ప్రశ్న: మనుషులు వదిలేశాక చెట్లు చేమలు ఆక్రమించుకున్న దీవి కోట ఎప్పుడైనా చూశారా, ఎలా అనిపించింది?

చూశానండీ, మహారాష్ట్ర తీరంలో సముద్రం మధ్యలో ఉన్న మురుద్ జంజీరా. ఎలా అనిపించిందంటే ఒళ్ళు మండింది. ఫొటోల్లో చూసి "అబ్బ, ప్రకృతి ఒడిలో కోట" అని లవ్ సింబల్స్ పెట్టేవాళ్ళు ఒక్కసారి మా నాన్నతో కలిసి వెళ్ళాలి.

మా నాన్న తాపీ మేస్త్రి. నలభై ఏళ్ళు గుంటూరు చుట్టుపక్కల గోడలు కట్టాడు. నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక డిసెంబర్‌లో అమ్మానాన్న వచ్చారు, బీచ్ చూపిద్దామని తామ్హిణి ఘాట్ మీదుగా మురుద్ తీసుకెళ్ళా. అక్కడ రాజ్‌పురి రేవు నుంచి తెరచాప పడవ ఎక్కిస్తారు. మా పడవలో ఎంతమందిని కుక్కారో లెక్కపెట్టలేదు గానీ అమ్మ మాత్రం దిగేదాకా ఆంజనేయ దండకం ఆపలేదు. లైఫ్ జాకెట్ అడిగితే పడవతను నవ్వాడు.

ఆ కోట తమాషా ఏంటంటే దగ్గరికి వెళ్ళేదాకా గుమ్మం ఎక్కడుందో తెలీదు, అంతా గోడే కనిపిస్తుంది. సముద్రంలోంచి నేరుగా లేచిన నల్లరాతి గోడ, దాని చుట్టూ బురుజులు. సరిగ్గా పడవ గోడకి గుద్దేస్తుందేమో అనుకునే టైమ్‌లో రెండు బురుజుల మధ్య ద్వారం బయటపడుతుంది. ద్వారం దగ్గరే గోడ మీద ఏనుగుల్ని పంజాల్లో నొక్కిపట్టిన సింహం లాంటి జంతువు చెక్కి ఉంటుంది, వచ్చినవాడికి అదే వార్నింగ్ అన్నమాట.

కట్టుకున్నవాళ్ళు సిద్దీలు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. ఇక్కడో పక్క మాట. కోచింగ్ రోజుల్లో నేను హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో రెండేళ్ళు అద్దెకున్నా, ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని, నిజాం దగ్గర పనిచేసిన సిద్దీ గుర్రపు దళం పేరే ఆ బస్తీకి ఉందని అప్పుడు ఒక్కడూ చెప్పలేదు, నాకు ఈ జంజీరా పడవలో గైడ్ సిద్దీ సిద్దీ అంటుంటే తట్టింది. మన ఊళ్ళో ఉన్నదాన్ని తెలుసుకోడానికి అరేబియా సముద్రం దాకా పోవాల్సొచ్చింది.

సరే కోటకి వద్దాం. శివాజీ ఎన్నిసార్లు ప్రయత్నించినా ఇది దక్కలేదు, చివరికి దీనికి పోటీగా పక్కనే సముద్రంలో పద్మదుర్గ్ అని ఇంకో కోట కట్టించాడు, బురుజెక్కితే కనిపిస్తుంది. 1682లో ఆయన కొడుకు శంభాజీ అయితే ఒడ్డు నుంచి సముద్రంలో రాళ్ళు పోసి ఏకంగా దారి వేయబోయాడు, ఈలోపు అటు మొఘల్ సైన్యం మీదపడేసరికి వదిలేసి వెళ్ళాల్సొచ్చింది. 1948లో జంజీరా సంస్థానం ఇండియాలో కలిసేదాకా అది సిద్దీలదే. ఆ తర్వాత లోపలున్న జనం కూడా ఒడ్డుకొచ్చేశారు. ఇప్పుడు లోపల మోకాలెత్తు గడ్డి, పైకప్పు లేని మేడల కిటికీల్లోంచి బయటికొచ్చిన కొమ్మలు, పాచిపట్టి ఆకుపచ్చగా మారిన మంచినీళ్ళ చెరువు. చుట్టూ ఉప్పునీళ్ళు పెట్టుకుని మధ్యలో తియ్యటి నీళ్ళు, అందులో ఇప్పుడు చిప్స్ ప్యాకెట్లు తేలుతున్నాయి.

గైడ్ "రాళ్ళ మధ్యలో సీసం కరిగించి పోశారు, అందుకే చెక్కుచెదరలేదు" అని కథ మొదలెట్టాడు. అందరూ వింటున్నారు, చూస్తే నాన్న లేడు. వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ఒక బురుజు మెట్ల దగ్గర చతికిలబడి, చొక్కా చేతులు మడిచి, గోడలోంచి వచ్చిన రావి మొక్కని లాగుతున్నాడు. మూరెడు కూడా లేదు, నాలుగు లేత ఆకులు, ఎర్రగా మెరుస్తున్నాయి. లాగితే రాదే! గోళ్ళతో సున్నం గీకాడు, నా బైక్ తాళం తీసుకుని తవ్వాడు.

"చూడరా, పైన మూరెడుంది, లోపల బారెడుంటది. పిట్ట రెట్టేస్తే మొలుస్తది. సున్నంలో తడి వెతుక్కుంటా లోపలికి పోద్ది, వేరు లావెక్కేకొద్దీ రాయి పక్కకి జరుగుద్ది. పైన తుంచితే మళ్ళీ వస్తది" అన్నాడు. మా ఇంటి పిట్టగోడ మీద ఏటా ఇదే యుద్ధం కాబట్టి నాకు కొత్త కాదు. కానీ పక్కన చూపించాడు, అక్కడ ఒక రావి నా తొడంత లావైంది, దాని రెండు వేళ్ళ మధ్య అంత పెద్ద నల్లరాయి బయటికి తోసుకొచ్చి వేలాడుతోంది. ఫిరంగులు చెయ్యలేని పని అది. దాన్నే వెనక పెట్టుకుని ఒక జంట సెల్ఫీ దిగుతున్నారు.

ఇంతలో కింద నుంచి పడవతను కేకలు, పైంతాలీస్ మినట్ హో గయా అని. ఔను, అంత కోటకి వాళ్ళిచ్చేది ముప్పావు గంట. అమ్మ అక్కడి నుంచి అరుస్తోంది, నాన్న కదలడు. చివరికి వేరు సగంలో పుటుక్కున తెగింది. మేం వెళ్ళేసరికి పడవ పోయింది, ఇంకో పడవలో ఇద్దరికీ మళ్ళీ డబ్బులు కట్టించుకున్నారు, టికెట్ చూపించినా వినలేదు. ఒడ్డుకొచ్చేదాకా నాన్న గోళ్ళలో సున్నం తీసుకుంటూ ఒక్క మాట మాట్లాడలేదు.

నా అభిప్రాయం అడిగితే ఇలాంటి చోట్ల ఏటా వానలు తగ్గగానే నలుగురు మేస్త్రీల్ని పెట్టి మొక్కలు పీకించి సందుల్లో గానుగ సున్నం నింపిస్తే చాలు, దానికి కోట్లేం అక్కర్లేదు. టికెట్ల మీద, బోర్డుల మీద పెట్టే శ్రద్ధ అందులో పెట్టరు. ఇంకా పేర్లు చెక్కే ప్రేమికుల గురించి మొదలెడితే ఈ జవాబు అవ్వదు.

వెళ్ళేవాళ్ళు వానాకాలం వెళ్ళకండి, పడవలుండవు. నీళ్ళ సీసా పట్టుకెళ్ళి ఖాళీది వెనక్కి తెచ్చుకోండి. నాన్న ఇప్పటికీ ఫోన్‌లో నేను పుణె మాటెత్తితే చాలు, "ఆ మొక్క మళ్ళీ వచ్చుంటది రా, వేరు మొత్తం రాలా" అంటాడు.