తామరకు మాత్రలు: ఏది ఎవరికి నప్పుతుంది?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రెండేళ్లుగా గజ్జల్లో, నడుము చుట్టూ తామర తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది, మానేస్తే మునుపటికంటే ఎక్కువగా పాకుతుంది. ఒక డాక్టరు టెర్బినాఫిన్ మాత్రలు, మరొకరు వారానికి ఒకటి చొప్పున ఫ్లూకొనజోల్ ఇచ్చారు. బంధువొకరు ఇట్రాకొనజోల్ వాడమంటున్నారు. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, పరగడుపున పాంటొప్రజోల్ వాడుతున్నాను. వీటిలో ఏ మాత్ర మంచిది?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు ఇప్పటికే వాడుతున్న మందుల పేర్లు రాసి చాలా మంచి పని చేశారు. తామర మాత్రల్లో ఏది మంచిదన్న ప్రశ్నకు సగం జవాబు ఆ పేర్లలోనే ఉంది.

మిగతా సగం మన దేశంలో తామర మారిన తీరులో ఉంది. టెర్బినాఫిన్ ఫంగస్‌ను చంపే మందు. ఒకప్పుడు రోజుకు 250 మిల్లీగ్రాముల మాత్రను రెండు మూడు వారాలు వాడితే ఎక్కువమందికి నయమయ్యేది. ఇప్పుడు మన దగ్గర విస్తరించిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్‌లో, ఈ మందు దెబ్బతీయవలసిన ఎంజైమ్ జన్యువు చాలాసార్లు మారిపోయి ఉంటోంది, అందువల్ల మందు పట్టడం లేదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో 200 మంది రోగులపై నాలుగు మందులను పోల్చి 2020లో ప్రచురించిన పరిశోధనలో, ఎనిమిది వారాలకు ఇట్రాకొనజోల్‌తో 66 శాతం, ఫ్లూకొనజోల్‌తో 42 శాతం, టెర్బినాఫిన్‌తో 28 శాతం, గ్రిసియోఫుల్విన్‌తో 14 శాతం మందికి నయమైంది. అక్కడ ఫ్లూకొనజోల్‌ను బరువును బట్టి రోజూ ఇచ్చారు, మీకిచ్చినట్టు వారానికొకటి కాదు. అన్నిటికంటే ముందున్న మందుతో కూడా ముగ్గురిలో ఒకరికి ఆ గడువులో నయం కాలేదన్న సంగతినీ గమనించండి.

కాబట్టి మీ బంధువు చెప్పిన మాటలో నిజం ఉంది, కానీ మీ విషయంలో ఇట్రాకొనజోల్‌కు రెండు అడ్డంకులున్నాయి. ఈ క్యాప్సూల్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, అందుకే కడుపు నిండా భోజనం చేసిన వెంటనే వేసుకోమంటాం. మీరు పొద్దున్నే వేసుకునే పాంటొప్రజోల్ సరిగ్గా ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. గ్యాస్ మాత్రను ఎందుకు మొదలుపెట్టారో కూడా మరచిపోయి ఏళ్ల తరబడి వేసుకుంటూ, ఇట్రాకొనజోల్ పనిచేయలేదని బాధపడేవారు చాలామంది ఉన్నారు. ఆ మాత్ర మీకు నిజంగా అవసరమా అని మీ డాక్టరును అడగండి. అవసరమైతే, ఆమ్లంపై అంతగా ఆధారపడని సుబా ఇట్రాకొనజోల్ అనే రకం గురించి ఆయన ఆలోచించవచ్చు. రెండో అడ్డంకి అటోర్వాస్టాటిన్. ఇట్రాకొనజోల్ దాని మోతాదును రక్తంలో పెంచి కండరాలను దెబ్బతీయవచ్చు కనుక, చికిత్స జరిగినన్నాళ్లు దాన్ని ఆపడమో తగ్గించడమో డాక్టరే నిర్ణయించాలి. గుండె బలహీనంగా ఉన్నవారు, అంటే హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారు, తామర కోసం ఇట్రాకొనజోల్ వాడకూడదు. కాళ్ల వాపు, ఆయాసం మీకు ఎప్పుడైనా వచ్చి ఉంటే ముందే చెప్పండి.

ఫ్లూకొనజోల్‌కు ఆమ్లంతో పని లేదు, అయితే అది గ్లిమెపిరైడ్ ప్రభావాన్ని పెంచుతుంది; చెమటలు, వణుకుతో షుగరు ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. గ్రిసియోఫుల్విన్ పాత మందు, పిల్లల తలలో వచ్చే తామరకు ఇప్పటికీ పనికొస్తుంది, మీకు దాని అవసరం కనిపించదు. కీటోకొనజోల్ మాత్రలు కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీయగలవు కనుక, ఎవరు ఇచ్చినా తామర కోసం వేసుకోవద్దు.

మీరు రాసుకుంటున్న ట్యూబు గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. రెండు రోజుల్లో దురద మాయమై, మానగానే రెట్టింపుగా పాకడం స్టెరాయిడ్ కలిసిన క్రీముల లక్షణం. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి పేర్లున్నాయేమో చూడండి. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, చీటీ లేకుండా అమ్మరాదని చెప్పినా అవి షాపుల్లో చేతికందుతూనే ఉన్నాయి. ఆ క్రీము వాడుతున్నంత కాలం ఏ మాత్ర వేసుకున్నా ఫలితం నిలవదు. ఆపిన తొలి రోజుల్లో దురద, ఎరుపు పెరుగుతాయి. భయపడి మళ్లీ రాయకండి.

చర్మవ్యాధుల నిపుణుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబును, పాత చీటీలన్నిటినీ తీసుకెళ్లండి. మచ్చ అంచున చర్మాన్ని కాస్త గీకి మైక్రోస్కోపులో చూసే పరీక్ష చవకైనది, అది తామరేనా కాదా అన్నది తేలుస్తుంది. మాత్రలు మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష చేయించండి. మధ్యలో కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి పూర్తిగా పోయినా మందు ఆపి వెంటనే డాక్టరును కలవండి. దురద పోయిందని పదో రోజున మానేయకూడదు, డాక్టరు చూసి ఆపమనేదాకా వాడాలి. అందుకు నెలో అంతకు మించో పట్టవచ్చు. షుగరు అదుపులో లేకపోతే ఇంకా ఆలస్యమవుతుంది.

నడుము చుట్టూ ఉందన్నారు కనుక, మొలతాడు కట్టుకుంటే చికిత్స పూర్తయ్యేదాకా తీసివేయండి. చెమటతో తడిసే ఆ దారంలో ఫంగస్ నిలిచిపోతుంది. ఇంట్లో దురద ఉన్న ప్రతివారికీ మీతోపాటే చికిత్స జరగాలి, తువ్వాళ్లు ఎవరివి వారికి వేరుగా ఉండాలి.